యథాతథ పరిసరాలు, మా అమ్మాయి ఏడుపు

మా అమ్మాయి ఏడుపు రాతపూర్వకంగా ప్రభుత్వ పరికరాల్లో చేరిందన్న సంగతి నాకు ఒక గురువారం పొద్దున్న, పప్పుకి తాలింపు వేస్తుండగా తెలిసింది. జగ్గునాయుడు గారు వీధి తలుపుకి కాగితం అంటించి, దాని మీద అరచేత్తో గట్టిగా చరిచి, "చదువుకోండమ్మా, తర్వాత తెలీదంటే కుదరదు" అన్నారు. చదివాను. "సదరు శిశువు రోదన యథాతథ పరిసరాలలో అంతర్భాగమైనందున, కార్యాలయపు వేళలలో సదరు రోదనను ఇతరత్రా వినియోగించరాదు" అని ఉంది. నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది కాబట్టి, నాకే సరిగ్గా అర్థం కాలేదేమోనని ఇంకోసారి చదివాను. ఇంకోసారీ అదే ఉంది.

మోక్షితకి రెండో ఏడు నడుస్తోంది. వెనకనుంచి పిలిస్తే తిరగదు. పక్కనే పళ్ళెం కింద పడ్డా ఉలిక్కిపడదు. మొదట్లో మా అత్త అప్పయ్యమ్మ, "నిబ్బరం గల గుంట. దేనికీ బెదరదు. ఆళ్ళ తాత పోలిక" అని మురిసిపోయేది. నేను మురవలేదు. పిల్ల నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే మనిషిని నేను. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. పరీక్షలు చేశారు. చెవుల్లో మైనంలాంటిదేదో పెట్టి అచ్చు తీసుకున్నారు. శిబిరం రోజున వినికిడి యంత్రం ఇస్తామనీ, శిశు కార్డు మాత్రం తప్పనిసరి అనీ చెప్పారు. బయటికి వస్తుంటే డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వినబడితేనే మాట వస్తుందమ్మా. ఈ శిబిరం మాత్రం దాటనివ్వకు. మళ్ళీ ఎప్పుడు పెడతారో మాకే తెలీదు."

ఆ మాట అప్పట్నుంచీ అన్నం ముద్దలో రాయిలా నాకు తగులుతూనే ఉంది.

శిశు కార్డు ఇచ్చేది మా పట్నంలోని శిశు వివరాల సమీకరణ కార్యాలయం. అక్కడ కంప్యూటరు ముందు కూర్చునే సీనియర్ అసిస్టెంటే ఈ జగ్గునాయుడు గారు. వివరాలన్నీ చెప్పాను, ఫోటో తీశారు, కార్డు వచ్చింది. ఫోటో మా మోక్షితదే. పేరు ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ పెట్టెలు, వరసగా, వాకిట్లో పిల్లలు తొక్కుడుబిళ్ళకి గీసుకున్నట్టు. నా పేరు దగ్గరా పెట్టెలే. ఊరి పేరు దగ్గర ఇంకాస్త పొడుగు వరస.

"ఇవేటి బాబూ?" అన్నాను.

"పేర్లు."

"పెట్టెల్లాగ ఉన్నాయి కదా."

"పేర్లు పెట్టెల్లో ఉన్నాయమ్మా. భద్రత కోసం."

నా వెనక వరసలో ధనాలు అని ఒక తల్లి ఉంది. పక్క మండలం నుంచి వచ్చింది. వాళ్ళ అబ్బాయి లోహిత్‌కీ చెవుల బాధే. వాడికీ ఆసుపత్రిలో అచ్చు తీశారు, వాడికీ శిబిరమే దిక్కు. అంతకుముందే పెట్టెల కార్డు పుచ్చుకుని ఆసుపత్రికి వెళ్తే వెనక్కి పంపేశారట. "పేరుంటేనే యంతరం అన్నారప్పా. పెట్టెలకి సెవులుంటాయేటని అడిగినారు" అని కళ్ళు తుడుచుకుంది. ఇద్దరం కలిసి లోపలి గదిలోకి వెళ్ళాం. అక్కడ సంయుక్త సమీకరణాధికారి దక్షిణామూర్తి గారు ఉంటారు. మేం కార్డులు చూపించగానే వాటిని ఎంతో ప్రేమగా చూశారు.

"ఇన్నాళ్ళూ ఒక్కొక్క శిశువుకు ఒక్కొక్క పేరు ఉండెడిది. ఇప్పుడు ఏకరూపత సాధించబడినది" అన్నారు.

"ఆసుపత్రిలో తీసుకోవడం లేదు సార్."

"ఏకరూపతను అలవాటు చేసుకొనుటకు ఇతర శాఖలకు కొంత వ్యవధి పట్టును."

ఇంటికొచ్చి మెట్ల మీద కూలబడి ఏడుస్తుంటే, మేడ మీద గదిలో అద్దెకుండే గౌరీశంకర్ దిగొచ్చాడు. ఏదో కంపెనీలో కంప్యూటరు పని చేస్తాడని తెలుసు గానీ ఏం పనో మేం ఎప్పుడూ అడగలేదు. నా చేతిలో కార్డు చూసి అతని ముఖం మాడిపోయింది.

"అక్కా, ఈ పెట్టెలు నావే" అన్నాడు.

కార్డుల ప్రోగ్రాం రాసింది అతనేనట. మా అత్త చేటలో బియ్యం పక్కన పెట్టి దగ్గరికి జరిగింది.

"ప్రోగ్రాం అంటే ఒక మూట అనుకోండి మామ్మగారూ. దానికి కావాల్సిన సామానంతా అందులోనే కట్టి పంపిస్తాం. తెలుగు అక్షరాల ఫైలు కూడా కట్టాను. అందులోనే ఉంది. కాకపోతే, 'అక్షరాలు నీ మూటలోనే ఉన్నాయి, అక్కడ చూసుకో' అని రాయాల్సింది, తొందరలో 'గౌరీశంకర్ ల్యాప్‌టాప్‌లో ఫలానా చోట చూడు' అని రాసేశాను. ఇక్కడ నడిపినంత కాలం దొరికేది కాబట్టి నాకూ తెలీలేదు. ఇప్పుడు ఆఫీసు సర్వర్ మీద పెట్టారు. అక్కడ నా ల్యాప్‌టాప్ ఉండదు కదా. వెతికి వెతికి, దొరక్క పెట్టెలు వేసేస్తోంది."

"అంటే సద్దిమూట నెత్తినెట్టుకుని, కూడు కోసం నీ గది కాడికొచ్చి ఎతుకుతంది. అంతేనేటి?"

"అంతే మామ్మగారూ."

"మరి మార్చెయ్యి తమ్ముడూ" అన్నాను.

"ఒక్క వాక్యం. ఇప్పుడంటే ఇప్పుడు మార్చేస్తాను. మార్చనివ్వరట."

ఎందుకు మార్చనివ్వరో మర్నాడు ఆఫీసులో దక్షిణామూర్తి గారే చెప్పారు. గౌరీశంకర్ తన తప్పు ఒప్పుకుని, ఒక్క వాక్యం మారుస్తానని చేతులు కట్టుకుని నిలబడితే, నేను పిల్లనెత్తుకుని వెనకాల నిలబడ్డాను.

"ఈ ప్రోగ్రాము రాజధానియందు ధ్రువీకరించబడినది" అన్నారాయన. "ధ్రువీకరించబడిన దానిలో దోషముండుటకు అవకాశం లేదు. కావున దోషము ప్రదేశములో ఉన్నది. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చినను ధ్రువీకరణ రద్దగును. ప్రదేశము మార్చుటకు మాత్రం నాకు సంపూర్ణ అధికారములు కలవు."

"పోనీ నా ల్యాప్‌టాప్ ఇక్కడికి తెస్తాను సార్. దాని మీద బాగానే వస్తాయి."

"ప్రైవేటు ల్యాప్‌టాప్ ప్రభుత్వ కార్యాలయములోనికి రాకూడదు." ఆయన కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించారు. "ప్రభుత్వ కార్యాలయము ప్రైవేటు ల్యాప్‌టాప్ వద్దకు పోరాదని మాత్రం ఎక్కడా లేదు."

అలా ఆఫీసు మా ఇంటికి వచ్చింది. ముందు ఒక బల్ల, తర్వాత ప్రింటరు, దాని వెనక కుర్చీకి వేసే తెల్ల తువ్వాలు, ఆ వెనక దక్షిణామూర్తి గారు మా మెట్లెక్కారు. గౌరీశంకర్ మంచం నిలబెట్టి గోడకి ఆనించారు. నేను కింద వంటింట్లో ఉన్నాను. కుక్కర్ కూత పెడుతోంది. మా అత్త పెరట్లో పక్కింటి కోడిని, "నీ తాడు తెగ, మళ్ళీ వొడియాల మీదకే వొచ్చినావా!" అని తరుముతోంది. మోక్షిత గరిటె కావాలని గుక్కపెట్టి ఏడుస్తోంది. మేడ మీద ప్రింటరు కరకరలాడింది. ధనాలు కొడుకు కార్డు. చక్కగా, గుండ్రంగా, తెలుగు అక్షరాలు.

ధనాలు ఆ కార్డుని కళ్ళకద్దుకుంది. నేను గబగబా పొయ్యి ఆర్పి, గరిటె మోక్షిత చేతికిచ్చి, పిల్లనెత్తుకుని మేడెక్కాను. తర్వాత వంతు మాదే. గౌరీశంకర్ మీట నొక్కాడు. కాగితం సగం వచ్చి ఆగిపోయింది. కరెంటు పోయింది.

దక్షిణామూర్తి గారు కంగారు పడలేదు. జేబులోంచి కలం తీశారు.

"మొదటి కార్డు సమయమున కుక్కర్ కూత ఉన్నది. కోడిని దూషించుట జరుగుచున్నది. శిశువు రోదించుచున్నది. రెండవ కార్డు సమయమున కూత లేదు, దూషణ లేదు, రోదన ఆగినది. కార్డు కూడా ఆగినది."

"కరెంటు పోయింది సార్" అన్నాడు గౌరీశంకర్.

"అది అప్రధానం. కరెంటు ఊరందరికీ పోయినది. రోదన ఇక్కడ మాత్రమే ఆగినది."

ఆ చేత్తోనే ధనాలు కార్డు వెనక్కి తీసుకున్నారు. పరిసరాలు ఖరారు కాక ముందు వచ్చిన కార్డు కాబట్టి అది చెల్లదట, మళ్ళీ వరస చివర నుంచి రావాలట. ధనాలు వదల్లేదు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని కాసేపు లాగారు. ప్రభుత్వమే గెలిచింది.

మూడో రోజుకల్లా మా ఇల్లు "నమూనా పరిసర కేంద్రం" అయింది. మొదటి కార్డు వచ్చినప్పుడు ఏది ఎలా ఉందో అది అలాగే ఉండాలని ఉత్తర్వు వచ్చింది. తీగ మీద ఆరేసిన నీలం తువ్వాలు ఎండిపోతే జగ్గునాయుడు గారు మళ్ళీ తడిపేవారు. ఆ రోజు మా ఇంట్లో దోసకాయ పప్పు కాబట్టి రోజూ దోసకాయ పప్పే. మా ఆయన ఈశ్వరరావు ఆ సమయంలో జూట్ మిల్లులో డ్యూటీలో ఉన్నాడు. కాబట్టి ఆఫీసు వేళల్లో అతను ఇంట్లో ఉండకూడదు. వారం సెలవు రోజున వీధి అరుగు మీద కూర్చుని కంచం ఒళ్ళో పెట్టుకుని తిన్నాడు.

"నా ఇంట్లోకి నన్ను రానివ్వకపోడమేటి?" అని అరిచాడు.

"మీ వల్ల అక్షరాలు చెదిరిపోతే ఎవరిది బాబూ బాధ్యత?" అన్నారు జగ్గునాయుడు గారు. నిజం చెప్పాలంటే ఆయన మంచివారే. మా ఆయనకి మజ్జిగ తెచ్చి ఇచ్చింది కూడా ఆయనే.

మా అత్తకి మాత్రం ఈ ఏర్పాటు బాగా నచ్చింది. ఆవిణ్ణి పరిసర సహాయకురాలన్నారు, పెరట్లో కుర్చీ వేశారు. పైనుంచి "కానివ్వండి!" అని కేక వినబడగానే నేను కుక్కర్ కూత పెట్టించాలి, మా అత్త కోడిని తిట్టాలి. కోడి పక్కింటిది. అది రాని రోజుల్లో జగ్గునాయుడు గారే వెళ్ళి చంకలో పెట్టుకొచ్చేవారు. ఎదురుగా కోడిని పెట్టి తిట్టమంటే మా అత్తకి మొదట్లో తిట్లు వచ్చేవి కావు.

"అదేటి సేసిందని తిట్టనూ? వొడియాలు తింటే కదా!"

కాబట్టి వడియాలు పెట్టించారు. కోడి బలిసింది. పక్కింటివాళ్ళు మాకు మునక్కాయలు పంపించారు.

వీటన్నిటితోనూ నేను సర్దుకుపోగలను. మోక్షిత ఏడుపుతోనే వచ్చింది చిక్కు. పిల్ల ఏడుపుకి వేళాపాళా ఏముంటుంది? పైగా మెట్ల నిండా మనుషులు, చేతుల్లో రంగురంగుల గాజులు, చంకల్లో తనలాంటి పిల్లలు. వినబడకపోయినా కళ్ళతోనే అంతా తాగేసే పిల్ల అది. రోజంతా నవ్వుతూ కూర్చుంది. కార్డులు ఆగిపోయాయి. వరసలో తల్లులు బతిమాలడం మొదలెట్టారు.

"ఏడవే నా తల్లీ. నీకు పున్నెముంటాది."

"మా సంటోడికి బళ్ళో సీటమ్మా, కూసింత ఏడు!"

జగ్గునాయుడు గారు వచ్చి పిల్ల చేతిలో గరిటె లాక్కున్నారు. మోక్షిత పెదవి వంకర పెట్టింది. వరస వరసంతా ఊపిరి బిగబట్టింది. అంతలో ఆయన ముఖంలో బాధ చూసి కిసుక్కున నవ్వింది.

"ఏడిపించకండి బాబూ, వెక్కిళ్ళు వస్తాయి" అని నేను అడ్డం వెళ్ళాను. "రాత్రి ఒళ్ళు వెచ్చబడితే ఎవరు చూస్తారు?"

"నాకు మాత్రం సరదానా అమ్మా? నా మనవరాలి ఈడు. ఒక్క ఏడుపు, ఒక్క కార్డు, మీ గరిటె మీకిచ్చేస్తా" అని ఆయన కళ్ళు ఒత్తుకున్నారు. అది చూసి మోక్షిత బావురుమంది. పైన ప్రింటరు కరకరలాడింది. ఆ రోజు నుంచి జగ్గునాయుడు గారి కన్నీళ్ళు కూడా పరిసరాల్లో చేరాయి.

గౌరీశంకర్ మాత్రం రోజూ సాయంత్రం ఒక్క వాక్యం మార్చనివ్వమని అర్జీ పెట్టేవాడు. "అక్కా, ఏడుపు లేకపోయినా వస్తాయి. కోడి లేకపోయినా వస్తాయి. నేనిక్కడ లేకపోయినా ఎక్కడైనా వస్తాయి, ఆ ఒక్క ముక్కా మారిస్తే" అని గొణుక్కునేవాడు. అతన్ని గది ఖాళీ చెయ్యకూడదన్నారు. క్షవరం చేయించుకోకూడదన్నారు.

సరే, మిగతావాళ్ళ కార్డులు ఒకటొకటిగా వస్తున్నాయి, మాదెప్పుడని అడిగాను. శిబిరం దగ్గర పడుతోంది. దక్షిణామూర్తి గారు నా మీద జాలిగా తల ఊపారు.

"మీ శిశువు పరిసరములో భాగము. పరిసరమే లబ్ధిదారు అయినచో నిష్పాక్షికత దెబ్బతినును. పూర్వం ఒక కార్యాలయములో గోడ గడియారము తనకు తానే సెలవు మంజూరు చేసుకొన్నట్లుండును."

"పోనీ కార్డు లేకుండానే తీసుకెళ్ళి, డాక్టరమ్మ కాళ్ళా వేళ్ళా పడతాను. శుక్రవారం ఒక్క రోజు పంపండి."

"పరిసరము ఊరు దాటరాదు."

అదుగో, ఆ మర్నాడే తలుపుకి కాగితం అంటించారు.

ఆ గురువారం తాలింపు మాడిపోయింది. నేను కాగితం చింపి చేత్తో పట్టుకుని, పిల్లని చంకనేసుకుని మేడెక్కాను. పెద్దవాళ్ళ ముందు గొంతు ఎత్తి ఎరగను. మా అత్త కింద నుంచి, "ఒలే, సిన్నగా మాటాడు, ఆఫీసర్లు!" అంటూనే ఉంది.

"శిబిరం రేపే సార్" అన్నాను. "రేపు దాటితే మళ్ళీ ఎప్పుడో వాళ్ళకే తెలీదట. దీనికి మాట రాదట. ఇది నన్ను అమ్మా అని కూడా అనదట."

"మీ ఆవేదన నమోదు చేసుకొనబడినది."

"నమోదు కాదు సార్! ఈ పిల్ల మీ పరిసరంలో భాగమన్నారు కదా, అంటే ప్రభుత్వానిదే కదా. మీ వస్తువు పాడైపోయి ఉంటే అలాగే మూల పడేస్తారా? మీ ఫ్యాను తిరక్కపోతే ఊరుకుంటారా? దీని చెవులు పనిచెయ్యడం లేదు. పాడైపోయిన దాన్ని ఎదురుగా పెట్టుకుని రోజూ పని చేయించుకుంటున్నారు, బాగు చేయించరా?"

దక్షిణామూర్తి గారి కలం గాల్లో ఆగింది. ఆయన ముఖంలో ఎన్నడూ చూడని భయం కనబడింది.

"పాడైనదా? ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పట్నుంచీ."

"పుట్టినప్పటి నుంచి లోపభూయిష్టమైన పరికరముతో ప్రభుత్వ కార్యక్రమము నడుపబడుచున్నదా? జగ్గునాయుడూ! ఇది పైకి తెలిసినచో నా గతి ఏమి?"

"తక్షణ మరమ్మతు సార్" అన్నారు జగ్గునాయుడు గారు, నావైపు చూడకుండా. "పరిసరం ఊరు దాటకూడదు గానీ, మరమ్మతుకి దాటొచ్చు. ఆ మధ్య మన జెరాక్సు మిషన్ వెళ్ళింది కదా."

కార్డు కోసం నేను ఎక్కని మెట్టు లేదు. మరమ్మతు ఉత్తర్వు మాత్రం పప్పు మాడిన వాసన పోకముందే వచ్చేసింది.

శుక్రవారం తెల్లవారకుండా ఆఫీసు జీపులో బయలుదేరాం. దారంతా నాకు ఇదే దిగులు: కార్డు లేదు, పేరు లేదు, ఈ కాగితం చూసి నవ్వి పంపేస్తారేమో. జగ్గునాయుడు గారు డాక్టరమ్మ చేతికి ఉత్తర్వు ఇచ్చారు. "పరిసర భాగము ఒకటి. శ్రవణ విభాగము పనిచేయుట లేదు. విడిభాగము అమర్చి, పనిచేయు స్థితిలో సాయంత్రములోగా తిరిగి ఒప్పగించవలెను." డాక్టరమ్మ చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. నావైపు చూసింది. నా ముఖంలో ఏం కనబడిందో గానీ, నవ్వు పెదాల చివర దాచేసుకుని, "శిశువులకైతే కార్డు కావాలి. విడిభాగాలకి అక్కర్లేదు. లోపలికి తీసుకురండి" అంది.

అచ్చులు తీసి ఉన్నాయి కాబట్టి ఎంతో సేపు పట్టలేదు. రెండు చెవుల వెనకా శనగగింజంత యంత్రాలు పెట్టి, చిన్న మీట తిప్పింది.

"పిలువమ్మా. వెనక నుంచి."

పేరు పెట్టింది నేనే, రోజూ వందసార్లు పిలుస్తాను, ఆ క్షణాన ఆ పేరు గుర్తు రాలేదు. "అమ్మీ" అన్నాను. మోక్షిత ఆడుతున్న చెయ్యి ఆపింది. తల తిప్పింది. మళ్ళీ అన్నాను. నా దగ్గరికి వచ్చి, నా గడ్డం పట్టుకుని నోట్లోకి తొంగి చూసింది, అక్కడ ఎవరైనా దాక్కున్నారేమోనని.

జగ్గునాయుడు గారు ఒప్పగింత కాగితం మీద సంతకం పెడుతూ కళ్ళు ఒత్తుకున్నారు. ఆఫీసు పని కాదు కాబట్టి దాన్ని ఎవరూ రాసుకోలేదు.

శనివారం పరికరాన్ని తనిఖీ చేశారు. కుక్కర్ కూత పెట్టింది. మోక్షిత ఏడవలేదు. కూత వచ్చిన వైపు వేలు చూపించింది. మా అత్త కోడిని తిట్టింది. మోక్షిత ఆవిడ నోటి వంక ఎంత శ్రద్ధగా వింటూ చూసిందంటే, మా అత్త నాలుక కరుచుకుని, "ఓలమ్మ, ఇకన ఈ గుంట ముందర తిట్టకూడదు కాబోలు" అంది. గరిటె లాక్కున్నారు. అది చేజారి నేల మీద ఖంగుమంటే, ఆ చప్పుడు మళ్ళీ వినాలని ఇంకోసారి కొట్టమని సైగ చేసింది. ఏడుపన్నది లేదు. దక్షిణామూర్తి గారు నుదురు తుడుచుకుని, "అయినను ప్రయత్నింపుడు" అన్నారు.

గౌరీశంకర్ మీట నొక్కాడు. కార్డు వచ్చింది. వరసలో ముందున్న తల్లిది, నిండుగా అక్షరాలు.

"చూశారా సార్" అన్నాడు గౌరీశంకర్, లేచి నిలబడి, పెరిగిన జుట్టు వెనక్కి తోసుకుని. "ఏడుపు లేకుండానే వచ్చింది. నేను మొదట్నుంచీ చెబుతున్నాను కదా. సర్వర్‌కి ఆ ఒక్క మాటా చెబితే చాలు, ఫైలు దాని మూటలోనే ఉందని."

దక్షిణామూర్తి గారు చాలాసేపు మోక్షిత చెవుల వంక చూశారు. ఆయన ముఖం క్రమంగా వెలిగింది.

"మీరు చెప్పుచునే ఉన్నారు. సర్వరు మాత్రం వినలేదు. ఏల? వినికిడి లేదు! నిన్నటి వరకు ఈ పరిసరములోనూ లేదు, అందుకే రోదన అవసరమైనది. నేడు యంత్రము అమర్చబడినది, రోదన అనవసరమైనది." కలం మూత తీశారు. "జిల్లాలోని సర్వరులన్నింటికి వినికిడి యంత్రములు అమర్చవలెను."

గౌరీశంకర్ కూర్చుండిపోయాడు. సాయంత్రం క్షవరం చేయించుకున్నాడు. ఇప్పుడెవరూ వద్దనలేదు.

యంత్రాలు కావాలని ఆసుపత్రికి ఉత్తర్వు వెళ్ళింది. డాక్టరమ్మ కాదనలేదు. ఒక్క షరతు మాత్రం రాసి పంపింది: "యంత్రము సర్వరుకు నేరుగా సరిపడదు. నడుమ మేము అచ్చు తీసిన చెవి ఉండవలెను. అటువంటి చెవులు గల పిల్లల జాబితా మా వద్ద కలదు. పగలంతా యంత్రము చెవికే ఉండవలెను. తీసినచో పాడగును." దక్షిణామూర్తి గారు ఇది ఎంతో శాస్త్రీయంగా ఉందన్నారు. కార్డులు రాక ఇళ్ళల్లో కూర్చున్న పిల్లలందరికీ కబురు వెళ్ళింది. ధనాలు లోహిత్‌ని ఎత్తుకుని మొదటి బస్సుకే దిగింది.

మా ఇంట్లోంచి ప్రింటరు, బల్ల, తెల్ల తువ్వాలు వెళ్ళిపోయాయి. మా ఆయన లోపల కూర్చుని వంకాయ కూరతో అన్నం తిన్నాడు. నేను మాత్రం మొన్న బుధవారం ఆ ఆఫీసుకి వెళ్ళాను, మోక్షిత యంత్రానికి బ్యాటరీ కోసం. ఇప్పుడవి "సర్వరు నిర్వహణ" కింద ఇస్తున్నారు.

గది చల్లగా ఉంది. సర్వరు చుట్టూ చాప వేసి పిల్లల్ని కూర్చోబెట్టారు. చెవుల వెనక యంత్రాలు, చేతుల్లో గిలక్కాయలు, ఒకటే రొద. జగ్గునాయుడు గారు మీట నొక్కారు. ప్రింటరు కరకరలాడితే పిల్లలందరూ ఒక్కసారి అటు తిరిగారు. కార్డు వచ్చింది. మళ్ళీ పెట్టెలే. ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి, అటూ ఇటూ తిప్పి, "ఇది ఎవరిదోనమ్మా?" అన్నారు.

ధనాలు కార్డు వంక చూడనేలేదు. చాప చివర, తనకి వీపు పెట్టి కూర్చున్న కొడుకుని మెల్లగా పిలిచింది.

వాడు తిరిగి చూశాడు.